రొంటిన దోపిన ఐదు రూపాయలు

నాలో ఒక గొప్ప సుగుణం ఉంది. మడత పడ్డ నోటును పొరపాటున కూడా ముట్టను. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది గానీ, శుభ్రత మీద ఆవిడకు మొదట్నించీ పట్టింపు తక్కువ.

నేను సేకరించేది యుద్ధకాలంలో జపాను సైన్యం బర్మాలో అచ్చేసిన రూపాయలు. ఆ సైన్యం ఓడి వెళ్లిపోగానే అవి చిత్తుకాగితాలైపోయాయి. నా దగ్గరున్నవి మాత్రం ఇవాళే అచ్చయినట్టు ఫెళఫెళలాడతాయి.

ఈ విద్యలో నా గురువు ఖలీల్ మాస్టారు. విశాఖపట్నంలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. ఏటా మా నోట్ల సంఘం పెట్టే ప్రదర్శనలో, గుమ్మానికి ఎదురుగా ఉండే అద్దాల పెట్టెలో ఏది పెట్టాలో ఆయనే చెప్పేవారు. ఏటా పెట్టేది ఒకటే. ఆయన సొంత నోటు, జపాను వాళ్ల ఐదు రూపాయలది. నూనె మరక, మూలల్లో చిరుగులు, మడతల దగ్గర అవతలి వెలుతురు కనిపించేంత అరుగుదల.

నా ఆల్బమ్ మాత్రం మూల బల్ల మీద, మరుగుదొడ్డికి దారి చూపే బాణం గుర్తు కింద ఉండేది.

ఒక ఏడు తెగించి, ప్రదర్శన ముందురోజు ఆల్బమ్ చంకన పెట్టుకుని ఆయనింటికి వెళ్లాను.

"మాస్టారూ, తప్పయితే తిట్టండి. ఆ పీలికలో ఏముందని? ఈసారి ఆ పెట్టె నాకిప్పించండి."

ఆయన తిట్టలేదు. ఆల్బమ్ మెల్లగా తిప్పి, "ఎంత బాగా దాచావయ్యా!" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

అంతలో గంగులమ్మ వచ్చింది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉండే బర్మా క్యాంపు మనిషి. చిన్నతనమంతా రంగూన్‌లో గడిచింది. ఇక్కడ బండి మీద బర్మా నూడుల్స్ అమ్ముతుంది. మాస్టారికి మధ్యాహ్నం పొట్లం ఆవిడే తెస్తుంది.

"గంగులమ్మా, ఇలా కూర్చో. మా జోగారావు జపానోళ్ల డబ్బు తెచ్చాడు, చూడు."

ఆవిడ చేతులు చెంగుకు తుడుచుకుని పేజీలు తిప్పింది.

"బాగున్నాయి బాబూ, పెళ్లి శుభలేకల్లాగున్నాయి. ఇయ్యి నానెరగను."

"అదేంటి? యుద్ధం అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావుగా?" అన్నాను.

"ఉన్నాను. ఇంత తెల్లటియి మాకెవులిస్తారు?"

మాస్టారు లేచి, తన నోటు తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు.

ఆవిడ దానివైపు చూడను కూడా లేదు. వేళ్లు వాటంతటవే కదిలాయి. పాత మడతల మీదే సగం, ఇంకో సగం, ఇంకో సగం మడిచి, రొంటిన దోపేసింది.

"మాయమ్మ ఇలాగే మడిచిచ్చీది. బియ్యం కొట్టుకాడ దాకా తియ్యకే, ఎవుడైనా సూత్తే లాక్కుంటాడు అనీది. దారంతా తడుముకుంటా ఎల్లీదాన్ని." నవ్వింది. "ఇది దోపుకుంటే సాలు, ఇప్పటికీ ఆకలేస్తంది సూడు."

నవ్వుతూనే లేచింది. "బండికాడ ఎవులూ లేరు మేస్టారూ, ఎల్లొస్తాను." రొంటి ఒకసారి తడుముకుని వీధిలోకి వెళ్లిపోయింది.

"అమ్మా, నోటు!" అంటూ లేవబోయాను. మాస్టారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"చెల్లిందయ్యా," అన్నారు. "ఇక మనది కాదు."

పొట్లం విప్పి నాకు సగం పెట్టారు.

మర్నాడు ప్రదర్శనలో ఎదురు పెట్టె ఖాళీగా ఉంది. మాస్టారే నా ఆల్బమ్ తెచ్చి అందులో పెట్టి, వచ్చినవాళ్లను పిలిచి పిలిచి చూపించారు. సాయంత్రం దాకా సిగ్గు లేకుండా మురిసిపోయాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన దగ్గర నోట్లను గుర్తుపట్టడం నేర్చుకున్నాను, దాచడం నేర్చుకున్నాను. నా నోటు పట్టుకుని ఒకరు గుమ్మం దాటుతుంటే కదలకుండా కూర్చోవడం మాత్రం నాకింకా రాలేదు.