మారు వడ్డన

అనగనగా కందిపాలెమని ఓ ఊరు. ఆ ఊళ్ళో నూకాలని ఓ పిల్ల. ఇంతే ఉండేది, మన చంటిదంత. కానీ లెక్కలంటే ప్రాణమర్రా! చింతగింజలిస్తే చింతగింజలు కూడేది, గవ్వలిస్తే గవ్వలు తీసేసేది, ఏమీ ఇవ్వకపోతే ఇంటి కప్పు మీది పెంకులు హెచ్చవేసేది. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెప్పుకుంటున్నానా?

బళ్ళో గవరయ్య పంతులు. చెడ్డవాడు కాదు పాపం, బెత్తం పట్టి ఎరగడు. ఆయన లెక్క చెప్పడం, నూకాలు చిటికెలో చేసేసి ఇంకోటి ఇమ్మనడం. ఆగవే, పంక్తిలో అందరూ తినేదాకా లేవకూడదు కదా, బడీ అంతేనూ, అనేవాడట. పిల్ల ఆగేది. రోజూ ఆగేది. ఖాళీ పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వాళ్ళమ్మ వెళ్ళి బతిమాలినా అదే మాట. మంచివాడి మొండితనాన్ని కదపడం ఎవరి తరం? కొన్నాళ్ళకి పిల్ల అడగడం మానేసింది. బుద్ధొచ్చిందని ఆయన మురిసిపోయాడు, పిచ్చి మారాజు!

ఇంతలో ఊళ్ళో పెళ్ళి. పంతులు పక్కనే నూకాలు కూర్చుంది. ఆయనకి పనసపొట్టు కూరంటే చచ్చేంత ఇష్టం. గబగబా తినేసి మారు అడిగాడు, వడ్డించారు. పంక్తిలో ఎవరి భోజనమూ ఆగలేదు. ఆ పిల్ల ఆయన విస్తరి వైపే చూసి, "లేవకుండానే మారు వేయించుకోవచ్చా పంతులుగారూ?" అని అడిగిందట. ఆయన చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

మర్నాడు తెల్లారగానే పెద్ద లెక్క పట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తాడు. ఇదిగోనమ్మా, నీకోసమే తెచ్చానన్నాడు. నూకాలు పలక తియ్యనేలేదు.

"చాలు పంతులుగారూ," అంది.

ఆకలి చచ్చిపోయిందర్రా పిల్లకి.

ఆయన ఊరుకోలేదులే. అలిగిన కొత్తల్లుడికి వడ్డించినట్టు రోజూ కొసరి కొసరి చెప్పాడు. ఆమె నేర్చుకుంది, పెద్దదైంది, చల్లగా బతికింది. ఆ బళ్ళో మరే పిల్లా ఖాళీ పలకతో కూర్చోలేదు. అందరూ సుఖంగానే ఉన్నారు.

పెంకుల వైపు మాత్రం నూకాలు మళ్ళీ తలెత్తి చూడలేదట.

అందుకే, ఆకలున్నప్పుడే పెట్టాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరిక నిద్ర దారి పట్టండి. ఏమే చంటీ, ఇంకా వేళ్ళు లెక్కపెడుతున్నావా? పెట్టుకో తల్లీ, పెట్టుకో. అయ్యాక చెప్పు, ఇంకోటి ఇస్తాను.