రాజుగారి రాతి గద్దె

ఒకానొక కొండరాజ్యాన్ని ప్రతాపభైరవుడనే రాజు ఏలేవాడు. ఆయన కొలువులో మాచన అనే ముసలి మంత్రి ఉండేవాడు. ముగ్గురు రాజుల దగ్గర పనిచేసి, ముగ్గురి గొప్పలూ విని విని విసిగిపోయిన మనిషి. నవ్వడానికి కూడా ఓపిక లేదు పాపం. చెప్పే నాకే నీరసం వస్తోంది, ఆయనకెలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. మూలపురుషుడు కూర్చున్న రాతి గద్దె మీదే రాజు కూర్చోవాలి. దాని మీద గుడ్డపీలిక కూడా పరవకూడదు. పుష్యమాసపు పొద్దున ఆ రాయి మీద కూర్చోవడమంటే మాటలా? అందుకని గవరయ్య అనే ముసలి సేవకుడు ముందుగా వచ్చి, దాని మీద కూర్చుని వెచ్చబెట్టేవాడు. రాజు అడుగుల చప్పుడు వినగానే లేచి పక్కకు తప్పుకునేవాడు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఒకనాడు భానుశర్మ అనే పండితుడు కొలువుకొచ్చాడు. రాజుల ఒంట్లో పారేది వేడి రక్తమనీ, మామూలు జనానిది కప్పలకూ బల్లులకూ ఉండే చల్లటి రక్తమనీ రెండు ఘడియల సేపు ఊదరగొట్టాడు. రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ ఉబ్బులోనే, చల్లరక్తం వాళ్లకు చలేమిటి, కోటగోడ మీద కాపలావాళ్ల కంబళ్లన్నీ వెనక్కి తెప్పించండని ఆజ్ఞ వేశాడు.

మూడు రాత్రులు గడిచేసరికి ఆ గోడ మీద కాపలా కాసే గవరయ్య కొడుకు పోలినాయుడు దగ్గుతూ మూలుగుతూ పడ్డాడు. అయినా మళ్లీ గోడెక్కాల్సిందే, కాపలా తప్పితే కారాగారమే. గవరయ్య వచ్చి మాచన కాళ్ల మీద పడ్డాడు. ఇంకో రాత్రి కంబళి లేకుండా నిలబడితే వాడు నాకు దక్కడు బాబయ్యా అని ఏడ్చాడు. మాచన అప్పుడే రాజు దగ్గరికి బయల్దేరాడు. నచ్చజెబుదామని వెళ్తే, రాజు సగం వినకుండానే చెయ్యూపి పంపేశాడు. మాచన ఉస్సూరుమంటూ తిరిగొచ్చి, ఈ పూటకి ఎలాగోలా కొడుకును కాపలా తప్పిస్తానన్నాడు. రేపు మాత్రం నువ్వు గద్దె మీద కూర్చోకు, దాని వెనక నిలబడు, తిట్లు నేను తింటానని చెప్పాడు.

మర్నాడు పొద్దున రాజు దర్జాగా వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఉలిక్కిపడి లేవబోయాడు. సభంతా చూస్తోంది, ఏం చేస్తాడు, మళ్లీ కూలబడ్డాడు. మాచన ఆ రోజే పొలం గట్ల తగాదాలన్నీ ముందేసుకుని, ఆవులిస్తూ, ఒక్కొక్కటే నిదానంగా చదివాడు. నాలుగో తగాదాకు రాజు పళ్లు టకటకలాడుతున్నాయి.

"గవరయ్య ఏడీ? ఇవాళ రాలేదా?" అన్నాడు రాజు.

"వచ్చాడు ప్రభూ. నేనే కూర్చోవద్దన్నాను," అన్నాడు మాచన. "వాడిది చల్లటి రక్తమని తమ కొలువులోనే తేలింది కదా. కప్పను తెచ్చి గద్దె మీద పెడితే రాయి ఇంకా చల్లబడదూ? తమది వేడి రక్తం. తమరు కూర్చుంటే రాయి దానంతటదే కాగుతుందనుకున్నాను."

రాజు భానుశర్మ వంక చూశాడు. ఆయన శాలువా మెడదాకా లాక్కుని నేల చూపులు చూస్తున్నాడు.

"మరి ఇన్నాళ్లూ రాయి వెచ్చగా ఎలా ఉండేది?" అన్నాడు రాజు వణుకుతూనే.

మాచన నిట్టూర్చాడు. "కప్పకూ బల్లికీ సొంత వేడి లేదు ప్రభూ. చలికి మొద్దుబారి పడుంటాయి, ఎండెక్కితేనే కదులుతాయి. మనిషి వేడిని ఒంట్లోనే పుట్టించుకుంటాడు. ఆవూ గుర్రమూ కూడా అంతే. కానీ కప్పుకోవడానికి ఏమీ లేకపోతే ఆ వేడి ఎంతసేపని నిలుస్తుంది? తమరికి ఈ కాసేపటికే ఇలా ఉంది. పోలినాయుడు మూడు రాత్రులు నిలబడ్డాడు. నమ్మకం కుదరకపోతే వాళ్ల నాన్న చెయ్యి పట్టుకు చూడండి."

రాజు చెయ్యి చాచాడు. గద్దె వెనకనుంచి గవరయ్య వచ్చి భయం భయంగా తన చెయ్యి అందించాడు. అది వెచ్చగా ఉంది. రాజు చెయ్యే మంచుముద్దలా ఉంది. ఆ వెచ్చదనం ఎంత హాయిగా ఉందంటే, రాజు దాన్ని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. ముందు సిగ్గేసింది, ఆ తర్వాత తనను చూసి తనకే నవ్వొచ్చి పడీపడీ నవ్వాడు.

కంబళ్లు ఇప్పుడే గోడ మీదికి పంపమన్నాడు. పోలినాయుడికి వైద్యుణ్ణి పంపి, నయమయ్యేదాకా సెలవివ్వమన్నాడు. రేపటినుంచి వారం పాటు గద్దె వెచ్చబెట్టే పని భానుశర్మకు అప్పజెప్పాడు. ఆ నవ్వులోనే మంత్రివైపు తిరిగి, ఏం కావాలో కోరుకో, ఊరడిగినా ఇస్తానన్నాడు.

మాచన గవరయ్య వంక చూశాడు.

"ఊరొద్దు ప్రభూ. ఆ చెయ్యి వదిలిపెట్టండి. వాడు కొడుకు దగ్గరికి వెళ్లాలి."