పేరు చెప్పని ముద్ద

కూర్మయ్య వస్తాదు ఏ ప్రశ్నకైనా నోటితో జవాబు చెప్పగా విన్నవాళ్లు లేరు. ఫలానా పట్టు ఎలా విడిపించుకోవాలని ఎవడైనా అడిగితే, వాణ్ణి గోదాలోకి దింపి, ఎర్రమట్టిలో బోర్లా పడేసి, మెడ మీద మోచెయ్యి ఆనించి, "అడిగినావు కదా, ఇడిపించుకో" అనేవాడు. విజయనగరం పక్కన ఆయన నడిపిన తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసి, కుస్తీ పట్టి ఒళ్లు బాగుచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఉపన్యాసం విని బాగుపడినవాడు మాత్రం నాకు కనిపించలేదు. తవిటినాయుడు అడిగిన ప్రశ్నకు ఆ వస్తాదు గోదా వదిలి వీధిలోకి నడవవలసి వచ్చింది.

తవిటినాయుడు జూట్ మిల్లులో గుమాస్తా. పాతికేళ్లు నిండకముందే బొజ్జ వచ్చింది. మిల్లులో వాళ్లు గోనెబస్తా అని ఏడిపిస్తే రోషం పొడుచుకొచ్చి తాలింఖానాలో చేరాడు. చేరినవాడు అందరిలా ఊరికే చేరలేదు. వేపుళ్లు మానేశాడు, ఊరగాయ జాడీ వైపు చూడటం మానేశాడు, రెండు పూటలా గుట్టగా తినే అన్నం మానేసి రాగులతో కాచిన చోడి అంబలి, నానబెట్టిన శనగలు, పాలు పట్టాడు. తెల్లవారగానే ఒళ్లు తడిసిపోయేలా దండీలు తీశాడు. బొజ్జ కరిగింది, భుజం తిరిగింది. ఇక మనిషి మెరిసిపోవాలి కదా. మెరవడం మాట అటుంచి, వీపు మీద మొదలై మెడ మీదికి పాకి, మొహమంతా పొక్కులు లేచాయి.

ఒంటి మీద ఏదైనా లేస్తే ఊళ్లో ప్రతివాడూ వైద్యుడే. వేడి చేసిందని ఒకడు మజ్జిగ తాగమన్నాడు. పాలు పడలేదని ఇంకొకడు పాలు మాన్పించాడు. చెమట ఒంటి మీదే ఆరనివ్వకుండా కడుక్కోమని, గోదా మట్టి అంటిన తువ్వాలుతో మొహం తుడవొద్దని, తిండీ శ్రమా ఒక్కసారిగా మారితే ఒళ్లు కొన్నాళ్లు ఎదురు తిరుగుతుందని, ఓపిక పట్టమని మిల్లు డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పింది సబబైన మాట. తవిటినాయుడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు, వీపు మీదవి మాడిపోయాయి కూడా. మొహం మీదవి పోలేదు. అవి దురద పెట్టేవి కావు, సలిపేవి కావు. ఒకటి చితికిపోతే మర్నాడు సరిగ్గా అదే చోట మళ్లీ లేచేది. అద్దంలో చూసుకుంటే ఎవరో తీరిగ్గా కూర్చుని, తమకు తెలిసిన చోట్ల ఒక్కొక్కటే పెట్టినట్టు ఉండేవి.

చివరికి ఒకరోజు కసరత్తు అయ్యాక వస్తాదు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగోరూ, అడ్డమైన తిండీ తిన్నన్నాళ్లు నా మొకం అద్దంనాగుండేది. మంచి తిండి తిని, మంచి పని సేస్తంటే ఇదేటండి? మంచికి ఇదేనా ఫలం?"

వస్తాదు అతని గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురులోకి తిప్పాడు. "పొక్కిందంటే లోపల దాసింది ఏదో ఉంటాది. ఏటేటి ఒగ్గీసినావో సెప్పు" అన్నాడు.

తవిటినాయుడు చెప్పుకొచ్చాడు. ఒక్కొక్కటి చెప్పగానే వస్తాదు "ఇంకా?" అనేవాడు. అన్నీ అయిపోయాక కూడా "ఇంకా?" అన్నాడు. అప్పుడు తవిటినాయుడు కాస్త సిగ్గుపడుతూ, "మా అమ్మ పెట్టే ఆఖరి ముద్దండి" అన్నాడు.

పిల్లలకు అన్నం తినిపించేటప్పుడు తల్లులు ఒక్కో ముద్దకు ఒక్కో పేరు పెడతారు. ఇది నాన్న ముద్ద, ఇది తాత ముద్ద, ఇది అత్త ముద్ద అంటూ మారాం చేసే నోట్లో చుట్టాలందరినీ కుక్కేస్తారు. తవిటినాయుడి తల్లి పైడమ్మ కూడా అలాగే పెంచింది. అయితే చివర పెట్టే పెరుగన్నం ముద్దకు మాత్రం ఆమె ఏ పేరూ చెప్పేది కాదు. మాట్లాడకుండా నోటికి అందించేది. కొడుక్కి మీసాలు వచ్చాక నోట్లో పెట్టడం మానేసి చేతిలో పెట్టేది. కడుపు పగిలేలా ఉన్నా ఆ ముద్ద తిని తీరాలి. అతని బొజ్జలో సగం దాని చలవే. అన్నం మానేసినప్పుడు అతను దాన్నీ మానేశాడు. ఎవరి ముద్దమ్మా ఇది అని ఎన్నడూ అడిగి ఎరగడు.

"ఒగ్గీసినాక మీ అమ్మ ఏటన్నాది?"

"ఏటీ అన్లేదండి. ఇదివరకు తవిటీ అని పిలిసేది. ఇవి లేసినకాడ్నించి బంగారీ అంటంది. ముద్దు సేస్తందనుకుని సంబరపడ్డాను. కానండి, మిల్లు నుంచొచ్చి తలుపు కొడితే, ఎవులూ అంటాది. తవిటినమ్మా అంటే తలుపు తియ్యదండి. బంగారినమ్మా అంటే తీస్తంది. మా అమ్మ నన్ను మర్సిపోతంది గురువుగోరూ."

వస్తాదు "తవిటినాయుడని నీకు పేరెవులెట్టినారు?" అని అడిగాడు.

"మా తాత పేరనుకుంటానండి."

ఆ వైపు ఆ పేరు ఎప్పుడు పెడతారో పెద్దలందరికీ తెలుసు. ముందు పుట్టిన బిడ్డ దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను పురిట్లోనే పొరుగింటివాళ్ల చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంటారు. తవుడు పాటి చేసే బిడ్డను ఎత్తుకుపోయి ఏం లాభమని మృత్యువు వదిలేస్తుందట. తవిటినాయుడు ఒళ్లో పసివాడుగా ఉండగానే తల్లిదండ్రులు సొంత ఊరు విడిచి ఇక్కడికి వచ్చేశారు. తండ్రి పోయి కొన్నేళ్లయింది. ఆ పేరెందుకు పెట్టారో, పెట్టించుకున్నవాడికి చెప్పేవాళ్లు లేకపోయారు. వస్తాదూ అప్పుడేమీ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికి వస్తానన్నాడు.

ఆ ఆదివారం వస్తాదును వెంటబెట్టుకుని గుమ్మం ముందుకు వచ్చేసరికి తవిటినాయుడు ఆగిపోయాడు. ద్వారబంధానికి వేపమండలు కట్టి ఉన్నాయి. పొద్దున అతను వెళ్లేటప్పుడు అవి లేవు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తేనే అలా కడతారు. ఆ రోజుల్లో పోపు కూడా వెయ్యరు. వంట అవుతున్న ఆ ఇంట్లో పోపు వాసన లేదు. వస్తాదు చెప్పులు విడిచి, "అమ్మా పైడమ్మా, నీ కొడుకుని తెచ్చినాను" అని పిలిచాడు.

"ఏ కొడుకుని బాబూ?" అంది పైడమ్మ లోపలినుంచి, చాలా మామూలుగా.

తవిటినాయుడు నోరు తెరవబోతే వస్తాదు అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. "నువ్వే సూసుకో తల్లీ" అని లోపలికి నడిచాడు.

పైడమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టి చప్పిడి పప్పు, అన్నం వడ్డించింది. మాట, మర్యాద అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆమె కళ్లు మాత్రం కొడుకు మొహం మీది పొక్కులను వదలలేదు. పెరటి తలుపు తీసి ఉంది. అక్కడ పిట్టగోడ మీద ఎండిన ముద్దలు వరసగా ఉన్నాయి. ఆమె పెట్టగా, కొడుకు వద్దన్నవి. వాటికి చీమ పట్టలేదు. వస్తాదు చూస్తుండగానే ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది. ముద్దల ముందు మెడ వంచి, ముట్టకుండా వెనక్కి జరిగి ఎగిరిపోయింది.

భోజనం చివర పైడమ్మ పెరుగన్నం కలిపి, ముద్ద చేసి, కొడుకు ఎదురుగా వచ్చి కూర్చుంది. అతను చేతులు ముడుచుకున్నాడు.

"అన్ని ముద్దలకీ పేరెట్టి పెంచినావట తల్లీ. దీనికి పేరు లేదేటి?" అని అడిగాడు వస్తాదు.

ఆమె ఎడమచేతి వేలితో కొడుకు కనుబొమ్మ కింద, ముక్కు పక్కన, గడ్డం మీద ఒక్కొక్క పొక్కునూ తాకింది. చీకట్లో సొంత ఇంట్లో నడిచే మనిషి గోడను తాకినట్టు, వెతుక్కోకుండా తాకింది. "ఇక్కడొకటి. ఇక్కడ జంట. గడ్డం మీద ఇది ఆకర్న పోసింది. ఒక్కటీ మారలేదు బాబూ. అమ్మోరు పోసినప్పుడు మా బంగారికి అచ్చం ఇలగే ఉండేవి." ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎంత ఆనందం ఉందో చూసి తవిటినాయుడికి చెమటలు పట్టాయి. "నాన్న ముద్ద తిన్నాడు. తాత ముద్ద తిన్నాడు. ఇది నీదిరా బంగారీ, నీ ముద్ద తినీరా అన్నాను. నోరు తెరవలేదు. ముద్ద నా సేతిలో ఉండిపోనాది. ఎవులికెట్టను? కడుపులో ఉన్నోడు పుట్టి అన్నం తినే ఈడుకొచ్చాక ఆడికెట్టినాను. ఇన్నాళ్లూ ఈ నోటితో మా బంగారి తిన్నాడు. ఇప్పుడు తిండి లేదు. ఆకలికి తాళలేక ఆడే వొచ్చీసినాడు."

"అమ్మా, నాను తవిటినమ్మా" అన్నాడు కొడుకు.

"తవిటి మిల్లుకెల్లినాడు నాన్నా. నువ్వు తిను" అంది పైడమ్మ. పరాయి పిల్లాడికి నచ్చజెప్పే గొంతు అది.

తవిటినాయుడు భోరుమన్నాడు. తనకో అన్న ఉన్నాడని తెలిసిన రోజే తల్లికి తను లేకుండా పోతున్నాడు. ఈ ముద్ద తింటే పొక్కులు అణిగిపోవచ్చు. అన్న మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు, తను బతికినన్నాళ్లూ వాడి ఆకలి మొయ్యాలి. తినకపోతే ఈ మొహం వాడిదైపోతుంది. "తినీమంటారా గురువుగోరూ?" అని వెక్కుతూ అడిగాడు.

"నీది కాని ముద్ద ఎన్నాల్లు తింటావురా?" అని వస్తాదు పైడమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, అది ఎవులి ముద్దో పేరు పైకి సెప్పి పెట్టు."

ఆమె చెయ్యి లేచింది. ముద్ద కొడుకు పెదవుల ముందుకు వచ్చి ఆగింది. ఆ క్షణంలో మొహం మీది పొక్కులన్నీ మొదటిసారిగా ఒక్కసారే సలిపాయని తవిటినాయుడు తర్వాత చెప్పేవాడు. పైడమ్మ పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. మళ్లీ కదిలాయి.

"బంగారినాయుడు ముద్ద" అంది.

నిండు పేరు ఆ ఇంట్లో వినిపించడం అదే మొదలు. ఆ పేరు పలికిన నోటితోనే ఆమె ఎదురుగా ఉన్న నోటిని చూసింది. దాని మీద మీసాలున్నాయి. నాలుగేళ్లు నిండని బంగారికి మీసాలెక్కడివి? ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. ముద్ద ఉన్న చెయ్యి వెనక్కి తిరిగి తన నోటికే చేరింది. బిడ్డ పోయిన రోజు ఏడ్చిందో లేదో కానీ, ఆ ముద్ద నములుతూ ఆ తల్లి గుండె పగిలేలా ఏడ్చింది. అది గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కొడుకు వీపు నిమిరి, ఎముక తగిలినట్టుంది, ఉలిక్కిపడింది.

"తవిటీ, ఎప్పుడొచ్చినావురా? ఒల్లు ఇలా సిక్కిపోనాదేటి? నీకో ముద్ద కలపనా?"

తవిటినాయుడు అంబలీ శనగలూ అన్నీ మరిచిపోయి రెండు చేతులూ చాచాడు.

వస్తాదు పెరట్లో చెయ్యి కడుక్కుని వీధిలోకి వచ్చాడు. తవిటినాయుడు ఎంగిలి చేత్తోనే వెనక పరిగెత్తుకొచ్చి, గొంతు తగ్గించి, "ఆడు ఎల్లిపోనాడా గురువుగోరూ?" అని అడిగాడు.

వస్తాదు వంగి చెప్పులు తొడుక్కున్నాడు. తల ఎత్తి శిష్యుణ్ణీ, అతని పక్కన ఖాళీగా ఉన్న చోటునూ ఒకసారి చూశాడు.

"రేపు గోదాలోకి ఒక్కడివే రా" అన్నాడు.