హుసేనప్ప నడక

దొరలకు మీసాలూ గుర్రాలకు పేర్లూ పొడుగ్గా ఉండే కాలమది. ఏటిగడ్డ అనే సంస్థానం ఉండేది. ఆ సంస్థానానికో దొర, ఆ దొరకో గుర్రపుశాల, ఆ శాలలో హుసేనప్ప అనే ముసలి గుర్రపువాడు. మోకాళ్ళ దాకా పంచె, తలకో గుడ్డ, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గుర్రం పగ్గం. అతని పేరేమిటో దొరకు తెలియదు.

ఒక దసరానాడు ఆ శాలలో ఆడ గుర్రప్పిల్ల పుట్టింది. ఓడెక్కి సముద్రం దాటి వచ్చిన మేలుజాతి గుర్రానికి పుట్టిన పిల్ల. పుట్టుక గొప్పదే గానీ కాళ్ళు మాత్రం జొన్నదంట్లు. "ఇది లేచి నిలబడితే అదే పదివేలు" అన్నారు అందరూ. హుసేనప్ప దాని తల ఒళ్ళో పెట్టుకుని మూడు రోజులు పాలు పట్టాడు. నాలుగో రోజు అది లేచింది. లేచి మొట్టమొదట చేసిన ఘనకార్యం అతని తలగుడ్డ నమలడం. దసరానాడు పాలపిట్ట కనబడితే శుభం కదా అని దానికి ఆ పేరే పెట్టారు.

నాలుగేళ్ళు నిండాక పాలపిట్టను దసరా పందేనికి దింపారు. ఏటి పక్కన పెద్ద బయలు. ఏడు గుర్రాలు పరిగెత్తాయి. ఆరింటికి పాలపిట్ట లేపిన దుమ్మే దక్కింది. జనం ఈలలు వేశారు, రౌతును భుజాలకెత్తుకున్నారు. దివానుగారు దండ పట్టుకుని గుర్రం దగ్గరకు వస్తే హుసేనప్ప అడ్డం నిలిచాడు.

"ముందు నడక సామీ. ఆ తర్వాతే మర్యాద."

పరిగెత్తి వచ్చిన గుర్రం ఒళ్ళు కుంపటిలా ఉంటుంది. ఆ వేడి మీద కదలకుండా నిలబెట్టి చన్నీళ్ళు తాగిస్తే కడుపులో శూల పుడుతుంది. అందుకని బయలు చుట్టూ మూడు చుట్లు మెల్లగా నడిపించాడు. చెమట ఆరాక గోరువెచ్చని నీళ్ళు మూడు విడతలుగా పట్టాడు. దివానుగారి చేతిలో దండ వాడిపోయింది. సగం జనం ఇళ్ళకు పోయారు.

"ఏమప్పా, గెలిచింది గుర్రమా, నువ్వా?" అని శాలలో వాళ్ళు ఏడిపించారు.

"అది ఒక్క చుట్టు పరిగెత్తె. నేను మూడు చుట్లు నడిస్తి. ఎవురు గొప్పో మీరే చెప్పండప్పా" అన్నాడు హుసేనప్ప.

రెండో దసరాకు పదకొండు గుర్రాలు పరిగెత్తాయి. మళ్ళీ పాలపిట్టే గెలిచింది. మళ్ళీ అదే మాట: "ముందు నడక సామీ. ఆ తర్వాతే మర్యాద."

మూడో దసరాకు పొరుగు సంస్థానం దొర తన పేరుమోసిన గుర్రంతో వచ్చాడు. రెండు గుర్రాలూ పక్కపక్కనే పరిగెత్తాయి. చివరికి పాలపిట్ట తలంత ముందుగా గీత దాటింది. మన దొర చెయ్యి మీసం మీంచి దిగలేదు.

"దాన్ని పందిట్లోకి తీసుకురండి! వెండి గంగాళంలో చన్నీళ్ళు నా చేత్తో పట్టిస్తా!"

హుసేనప్ప పగ్గం వదల్లేదు. "ముందు నడక సామీ. ఆ తర్వాతే మర్యాద."

పొరుగు దొర నవ్వాడు. "మీ ఊళ్ళో దొర మీరా, ఆయనా?"

ఆ నవ్వే కొంప ముంచింది. దొర మొహం ఎర్రబడింది. "ఈ ముసలాణ్ణి ఈడ్చెయ్యండి! మళ్ళీ శాల గడప తొక్కితే తోలు ఒలిపిస్తా!"

ఇద్దరు భటులు హుసేనప్పను లాక్కుపోయి బయలు అవతల పడేశారు. పాలపిట్ట గంగాళం అడుగంటా తాగింది. దాని మెడలో దండలు పడ్డాయి. భట్రాజు పొగడ్త ఎత్తుకున్నాడు. పొగడ్త సగంలో ఉండగానే అది కాలితో నేల తవ్వి, తన డొక్క వైపు తిరిగి చూసుకుని, దండలతో సహా కూలబడి పొర్లింది. పొరుగు దొర మెల్లగా తప్పుకున్నాడు.

"ఆ ముసలాయన... ఆయన పేరేమిటి?" అని దొర అడిగాడు. అయ్యో, అన్నేళ్ళకు అడిగాడు!

"హుసేనప్ప, సామీ" అన్నారు జనం. పిలవాల్సిన పని లేకపోయింది. అతను అప్పటికే పరిగెత్తుకొస్తున్నాడు. నన్నెందుకు ఈడ్చేశారని అడగలేదు, నేను చెప్పలేదా అనీ అనలేదు.

"లేయమ్మా, లేయ్ తల్లీ. పొర్లితే పేగు మెలిక పడతాది. సామీ, ఆ పక్క మీరు పట్టండి. ఒక్కని చేత కాదు."

దొర జరీ చెప్పులు ఇసుకలో కూరుకుపోతుంటే వాటిని విప్పి అవతల పారేశాడు. ఇద్దరూ చెరో పక్క పట్టి నడిపించారు. మొదటి చుట్టులో పాలపిట్ట రెండుసార్లు కూలింది. రెండో చుట్టులో హుసేనప్ప భుజం మీద బరువంతా వేసి నడిచింది. మూడో చుట్టు పొద్దు వాలేవేళకు పూర్తయింది. అప్పుడు పాలపిట్ట తోకెత్తి, ఇంత లద్ది వేసింది. శూల తీరింది! దొర వెక్కి వెక్కి ఏడ్చాడు. లద్దిని చూసి ఆనందబాష్పాలు రాల్చిన దొర లోకంలో ఆయనొక్కడే.

ఆ చలికాలంలో హుసేనప్ప జ్వరంతో కన్నుమూశాడు. మంచి మనిషి పోయాడని శాలంతా ఏడ్చింది. పాలపిట్ట మూడు రోజులు మేత ముట్టలేదు.

నాలుగో దసరాకు పాలపిట్ట మళ్ళీ గెలిచింది. రౌతు దిగాడు. దండలు సిద్ధంగా ఉన్నాయి. అది వాటివైపు చూడనైనా చూడలేదు. పగ్గం నేల మీద ఈడ్చుకుంటూ, తనంతట తనే బయలు చుట్టూ మెల్లగా నడక మొదలుపెట్టింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. దొర పందిరి దిగాడు. చెప్పులు విప్పి, వెళ్ళి ఆ పగ్గం అందుకున్నాడు. ఇద్దరూ మూడు చుట్లు నడిచారు.

ఆ దొరలు పోయారు, ఆ శాలలూ పోయాయి. కానీ ఆ చుట్టుపక్కల ఇప్పటికీ పందెంలో గెలిచిన గుర్రానికి వెంటనే దండ వెయ్యరు. ఎంతటి ఆసామి అయినా చెప్పులు విప్పి, గుర్రాన్ని తనే మూడు చుట్లు నడిపించాలి. ఇక ఎండలో ఆడి ఆడి, వగరుస్తూ నీళ్ళకుండ మీద పడే పిల్లల్ని తల్లులు జబ్బ పట్టి ఆపుతారు.

"హుసేనప్ప నడక నడిచి రా పో!"

పిల్లలు గొణుక్కుంటూనే ఇంటి చుట్టూ మూడు చుట్లు తిరిగొస్తారు. అప్పుడు గానీ వాళ్ళ చేతికి చెంబు అందదు.