గుడ్డకు అంటని నలుపు

బెజవాడ ఆటోనగర్‌లో ఆదిశేషు అనే టాక్సీ యజమాని ఉండేవాడు, అతనికి ఎవరి పని మీదా నమ్మకం ఉండేది కాదు. పంచరు వేయించుకున్నా ట్యూబు నీళ్ళలో ముంచి మళ్ళీ తనే చూసుకునేవాడు. టీ కొట్టులో పాలగిన్నెలోకి తొంగి చూసేవాడు.

ఒకసారి ఒక పెద్ద హోటలు వాళ్ళు అతిథులను తిప్పడానికి ఏడాది పొడవునా కారు కావాలన్నారు. సోమవారం బండి చూస్తామన్నారు. ఆదిశేషు కారు బాగానే ఉంది కానీ నాలుగు అల్యూమినియం చక్రాలూ మసకబారాయి. శుక్రవారం పొద్దున్నే, చక్రాలకు మెరుగు పెట్టే కాశింబీ షెడ్డుకు వెళ్ళాడు.

కాశింబీ తడిగుడ్డతో ఒక చక్రం తుడిచి చూసింది.

"లోహం బాగానే ఉందన్నా. దాని మీద అద్దం లాంటి పూత ఉంటుంది. మసక ఆ పూతకే పట్టింది. సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి పాలిష్‌తో నిదానంగా రుద్దాలి. సాయంత్రం దాకా పడుతుంది."

'కడిగి రుద్దడానికి సాయంత్రం దాకానా?' అనుకున్నాడు ఆదిశేషు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చేతిని, డబ్బాను, గుడ్డను మార్చి మార్చి చూశాడు. పది దాటేసరికి మొదటి చక్రం మెరిసింది. కానీ అతని చూపు గుడ్డ మీదే ఉంది.

"ఇంతసేపు రుద్దితే గుడ్డకు నలుపే అంటలేదేం? పైపైన నూనె రాసి మెరిపిస్తున్నావా?"

"నలుపు అంటకూడదన్నా. అంటిందంటే..."

"చాల్లేమ్మా! ఇలాంటి కబుర్లు చాలా విన్నాను" అని ఆ ఒక్క చక్రానికి డబ్బిచ్చి బండి తీసుకుపోయాడు.

ఇంటి దగ్గర గరుకు కాగితంతోనూ, ఇత్తడి సామాన్ల పాలిష్‌తోనూ మిగిలిన మూడు చక్రాలూ తనే తోమాడు. గుడ్డ బొగ్గులా నల్లబడింది.

"చూశావా, ఎంత మురికి వదిలిందో!" అని భార్య సరోజినికి చూపించాడు.

"ఆవిడ చెప్పబోయిందేదో విని రావాల్సిందండీ" అంది సరోజిని.

చక్రాలు తళతళలాడుతుంటే ఆ మాట అతని చెవికెక్కలేదు.

శని, ఆదివారాలు వాన కురిసింది. సోమవారం హోటలు మేనేజరు బండి చుట్టూ తిరిగి ఆగిపోయాడు. మూడు చక్రాల నిండా తెల్లటి మచ్చలు!

"చక్రాలే ఇలా ఉంటే ఇంజను ఎలా ఉందో? దీన్ని నమ్మి అతిథులను ఎక్కించలేం" అని వేరే బండి మాట్లాడుకున్నాడు.

నిజంగా ఇంజను బాగుంది. ఆదిశేషు ఎంత చెప్పినా ఆయన వినలేదు. తనను ఇంకొకరు అనుమానిస్తే ఎలా ఉంటుందో అతనికి ఆ రోజే తెలిసింది.

తిన్నగా కాశింబీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె మచ్చల మీద వేలు రాసి చూసింది.

"గుడ్డకు అంటింది మురికి కాదన్నా, లోహమే. పూతంతా గీకేశారు, వట్టి లోహం వానకు తడిసి ఇలా మచ్చలు పడింది. ఇక మూడింటికీ కొత్త పూత వేయాల్సిందే."

"ఆ సంగతి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పనిచ్చారా?"

ఆదిశేషు కారు తాళాలు బల్ల మీద పెట్టాడు. ఆమె స్టూలు ముందుకు జరిపింది.

"వద్దమ్మా. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడే వస్తాను" అని బయటికి నడిచాడు. గేటు దగ్గర వెనక్కి తిరగబోయి, మానుకున్నాడు.

నీతి: అనుమానం వస్తే అడగాలి, అడిగాక జవాబు పూర్తిగా వినాలి. వినకుండా తేల్చేసుకుంటే, బాగున్నదాన్ని కూడా మన చేతులతో మనమే పాడుచేసుకుంటాం.