గౌసుకు పెట్టిన జావ

గౌసుకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది పొడుగునా పాఠంలో మొదటివాడు తాను. నవాబుగారి దవాఖానా కొలువుకు ఉస్తాదు ఎంచింది మాత్రం దస్తగిరిని! రోజూ చీవాట్లు తినే దస్తగిరిని!

ఆదోనిలో ఉస్తాదు హకీం కరీముల్లా గారి దగ్గర వైద్యం నేర్చుకునేవాళ్ళకు రెండు పాఠాలుండేవి. తిన్న అన్నం ఒంట్లో రక్తంగా ఎలా మారుతుందో వరండాలో చెప్పేవారు. మారకపోతే ఎందుకు మారలేదో లోపలి గదిలో చెప్పేవారు. ఆ గది వేసవిలో పొయ్యే. ఆదోని ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళు చెప్పినా నమ్మరు, అది పోనీండి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఉస్తాదు చెప్పేవారు కాదు. ఎవరిష్టం వాళ్ళది.

గౌసు తాత కూడా హకీమే. వరండా పాఠమంతా గౌసుకు చిన్నప్పుడే నోటికి వచ్చేసింది. అయినా వరండాలోనే కూర్చున్నాడు.

"లోపలి పాఠం కష్టంరా, పోతే తప్పులు చేసి చీవాట్లు తినాలి," అన్నాడు దస్తగిరితో. "ఇక్కడైతే మొదటివాణ్ణి నేనే. కొలువు మొదటివాడికి కాక ఎవడికిస్తారు?"

దస్తగిరి నవ్వి లోపలికి పోయాడు. ఇప్పుడు ఆ దస్తగిరి తలకే ఉస్తాదు కొత్త తలపాగా చుట్టారు.

ఆ మధ్యాహ్నం దావత్. అందరూ వరుసగా కూర్చున్నారు. పొట్టేలు మాంసం, నల్లి ఎముకలు, వేడి వేడి రొట్టెలు. వాసనకే సగం కడుపు నిండేటట్టుంది. గౌసు ముందు మాత్రం ఉస్తాదు స్వయంగా ఒక గిన్నె తెచ్చి పెట్టారు. మెత్తగా మెదిపిన బియ్యం జావ.

వరుస చివర ఎవడో కిసుక్కున నవ్వాడు. "ఉగ్గుగిన్నె కూడా తెప్పించమంటావా, గౌసు భాయ్?"

గౌసు గిన్నెను పక్కకు నెట్టేశాడు. "ఏమిటిది ఉస్తాద్? నాకు రావలసిన కొలువు వాడికిచ్చారు. అది చాలక అందరి ముందూ ఈ అవమానం కూడానా?"

"ఇందులో అవమానమేముంది బేటా? గొంతుకు అడ్డంపడదు. ఇట్టే అరుగుతుంది. అందరికంటే ముందు తిని లేచేది నువ్వే."

"నాకేం పళ్ళు లేవా?"

ఉస్తాదు అతని మొహంలోకి వింతగా చూశారు.

"ఉన్నాయా? ఏడాదిగా చూస్తున్నాను. లోపలి గదిలో ఒక్కనాడూ కనబడలేదే."

నవ్వినవాడు తలదించుకుని రొట్టె తుంచుకున్నాడు. దస్తగిరి తలపాగా సవరించుకోబోయి ఆగిపోయాడు.

"ఉన్నాయి ఉస్తాద్!" గౌసు అరిచాడు. అది కోపమో ఏడుపో అతనికే తెలియలేదు.

ఉస్తాదు తన పళ్ళెంలోని ఎముకల్లో అన్నిటికన్నా గట్టిది ఏరి, గౌసు ముందు పెట్టారు.

"నువ్వు చెబితే ఏం లాభం బేటా? ఇది చెప్పాలి."