ఒడ్డు దిగని రాజనౌక

పూర్వం గోదావరి ఒడ్డున ఒక చిన్న రాజ్యాన్ని గజకేసరి మహారాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే కానీ, ఎప్పుడూ తన మాటదే పైచేయి కావాలి.

ఆయన పెద్ద విహారనౌక కట్టించడం మొదలుపెట్టి ఏడాదయింది. నౌక ఇంకా ఒడ్డునే ఉంది. పనిలో చేరిన కుర్ర వడ్రంగులు కొన్నాళ్లకే ఏటి అవతలి రాజ్యానికి వెళ్లిపోతున్నారు. ఉన్నవాళ్లు ఉలి పట్టుకుని ఆవులిస్తున్నారు. దసరాకు పొరుగురాజు వస్తున్నాడు. అప్పటికి నౌక నీళ్లలో లేకపోతే పరువు పోతుంది.

నిండు సభలో రాజు మండిపడ్డాడు.

"ఏం తక్కువ చేశాను వీళ్లకు? ఉండటానికి నీడ, నేతి భోజనం, పండక్కి కొత్త బట్టలు! ఈ కాలం కుర్రాళ్లకు ఒళ్లు వంగదు, అంతే. రేపటి నుంచి అక్కడ కాపలా పెట్టండి. పారిపోయేవాణ్ణి చెరసాలలో వేయండి!"

ఆస్థానంలో చెన్నుభట్టు అనే చమత్కారి ఉన్నాడు. ముందురోజే నౌక కట్టే చోటికి వెళ్లి, పాపోజు అనే కుర్ర వడ్రంగిని పలకరించాడు.

"ఈ చెక్క ఎక్కడ పెడతారబ్బాయ్?"

"తెలీదండి. అడిగితే పెద్ద వడ్రంగిగారు 'చెప్పింది చెయ్యి' అంటారు. చుక్కాని గురించి నాకు తోచింది చెప్పబోతే 'నీకేం తెలుసు' అన్నారు. ఇందులో నేను చేసింది ఇదీ అని వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేదండి."

అది గుర్తుంచుకుని చెన్నుభట్టు ఇప్పుడు సభలో లేచాడు.

"ప్రభూ, కాపలా రేపు పెట్టవచ్చు. ఇవాళ మంత్రిగారితో ఒక ఆట చదరంగం ఆడండి. ఎత్తులు నేను చెబుతాను, తమరు పావులు జరిపితే చాలు. తమకు శ్రమెందుకు?"

చదరంగమంటే రాజుకు ప్రాణం. వెంటనే పట్టుపరుపు మీద కూర్చున్నాడు.

"గుర్రాన్ని ఇటు పెట్టండి."

"ఎందుకు?"

"పెట్టండి ప్రభూ. ఏనుగును వెనక్కి తీయండి."

"ముందుకు తోస్తే మంత్రిగారి రాజు దొరికిపోతాడు కదయ్యా!"

"మీకేం తెలుసు? చెప్పింది జరపండి."

రాజు పళ్లు కొరికి జరిపాడు. కాసేపటికి అడగడం మానేశాడు. ఆపైన చెంపకు చెయ్యి ఆనించాడు. చివరికి నోరు తెరిచి పెద్దగా ఆవులించాడు.

"ఆట కట్టు! నేను గెలిచాను!" అన్నాడు చెన్నుభట్టు.

రాజు పావులు విసిరికొట్టాడు. "నువ్వు గెలవడమేమిటి? కూర్చున్నది నేను, జరిపింది నేను! ఇది ఆటా, వెట్టిచాకిరా?"

చెన్నుభట్టు చేతులు జోడించాడు. "కింద పట్టుపరుపు, చేతిలో తాంబూలం, వెనక వింజామర. ఏం తక్కువైందని ఆవులించారు ప్రభూ? మహారాజులకు కూడా ఒళ్లు వంగదా?"

రాజు ముఖం ఎర్రబడింది. కోపంగా నోరు తెరిచి, అది కుర్రాళ్ల గురించి తానన్న మాటేనని తట్టి ఆగిపోయాడు.

"అయితే నౌకను ఆ కుర్రాళ్ల చేతిలో పెట్టమంటావా? మునిగితే?"

"తొలి ప్రయాణంలో నేనే ఎక్కుతాను. నాకు ఈత కూడా రాదు."

రాజు సరేనన్నాడు. పెద్ద వడ్రంగి మారోజు మూతి ముడిచాడు. కానీ రాజాజ్ఞ కాబట్టి నౌక రూపమంతా ఇసుకలో గీసి చూపించి, ఎవరికి ఏ భాగం చేయాలనుందో అడిగాడు. పాపోజు చుక్కాని కోరుకున్నాడు. తీరా మొదటిది వంకరపోయింది. మారోజు తిట్టబోయి తమాయించుకుని, పక్కన కూర్చుని, "ఎక్కడ తేడా వచ్చిందో నువ్వే చూడరా" అన్నాడు. రెండోది ఇద్దరూ కలిసి ఆలోచించి చేశారు. ఈ సంగతి విని, వెళ్లిపోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. చీకటి పడుతున్నా పని ఆపకపోతే, ఇక చాలని మారోజే వాళ్లను ఇళ్లకు తోలాల్సి వచ్చేది.

దసరా నాడు శంఖాలు మోగుతుండగా, రాజులిద్దరినీ ఎక్కించుకుని నౌక నీళ్లలోకి దిగింది. చెన్నుభట్టు కళ్లు మూసుకుని అంచు గట్టిగా పట్టుకున్నాడు. నౌక ఒక్క ఊగు ఊగి, తిన్నగా సాగింది. పొరుగురాజు భేష్ అన్నాడు. గజకేసరి మీసం మెలేశాడు.

ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి.

"ఆ తెరచాప కొయ్య మాది!"

"చుక్కాని చూడండి, అది నాది!"

"వాళ్లంతా నా పిల్లలు!" అని మారోజు కండువాతో కళ్లొత్తుకున్నాడు.

రాజు కనుబొమలు ముడిచాడు. "చెన్నుభట్టూ, అందరూ నాది నాది అంటున్నారు. ఇంతకీ ఈ నౌక ఎవరిదయ్యా?"

"ఏడాదిపాటు తమ ఒక్కరిదే ప్రభూ, అందుకే ఒడ్డున ఉండిపోయింది. ఇప్పుడు వీళ్లందరిదీ, అందుకే తమను మోస్తోంది."

రాజు పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి చెన్నుభట్టు మెడలో వేశాడు. నౌకను ఒడ్డుకు తిప్పించి, మారోజునూ ఆ కుర్రాళ్లందరినీ ఎక్కించుకున్నాడు. మారోజు చెవిలో పేర్లు అందిస్తుంటే, ఒక్కొక్కరినీ పొరుగురాజుకు పేరుపేరునా చూపిస్తూ నడి గోదావరిదాకా వెళ్లాడు.